శిథిలాల నడుమ చెయ్యెత్తి నిలబడ్డ ఆవిడ ఎవరు?

తరవాత చదివేవాళ్ళకూ తెలియాలి కాబట్టి మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్పేస్తాను. మీ అబ్బాయి జర్మనీలో ఆదివారం పాత సామాన్ల సంతలో ఫ్రేము కట్టిన నలుపు తెలుపు ప్రింటు, అంటే అచ్చు వేసిన బొమ్మ, ఒకటి కొన్నాడు. విరిగిన స్తంభాలు, సగం కూలిన కమాను, వెనకాల ఒక పిరమిడ్, ఒక పక్క ఒంటరిగా ఎత్తైన స్తంభం, దాని చుట్టూ చుట్టలు చుట్టలుగా బొమ్మలు. మధ్యలో పడిపోయిన రాతిదిమ్మ మీద నిలబడి, తలకు గుడ్డ చుట్టుకున్న ఒకావిడ ఎడమచెయ్యి పైకెత్తి ఏదో చెబుతోంది. ఏడెనిమిదిమంది కింద కూర్చుని వింటున్నారు. ఫ్రేము వెనక పెన్సిలుతో ‘సిబిల్, పానీనీ’ అని రాసి ఉంది. ఈవిడ ఎవరు, ఆ పాడుబడ్డ చోట ఏం చేస్తోంది, దీనికి ఏమైనా విలువ ఉంటుందా అన్నవి మీ ప్రశ్నలు.

నేను ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో పాతికేళ్ళకు పైగా పాశ్చాత్య చిత్రకళా చరిత్ర చెప్పి రిటైరయ్యాను. సరిగ్గా ఈ రకం బొమ్మ దగ్గరే ఒకసారి క్లాసులో పరువు పోగొట్టుకున్నాను కూడా. అది తరవాత చెప్తాను. ముందు ఆవిడ సంగతి.

సిబిల్ అన్నది ఒక మనిషి పేరు కాదు. ‘పూజారి’, ‘సోదమ్మ’ లాంటి మాట అది. దేవుడు పూనినప్పుడు జరగబోయేది పలికే స్త్రీని గ్రీకులు, వాళ్ళను చూసి రోమన్లు సిబిల్ అన్నారు. మొదట్లో ఒక్కతే అనుకున్నారు. తరవాత ఊరూరా మా సిబిల్ అంటే మా సిబిల్ అన్నారు. వారో అనే రోమన్ పండితుడు లెక్క తేల్చి పదిమంది అన్నాడు: పర్షియా ఆవిడ, లిబియా ఆవిడ, డెల్ఫీ ఆవిడ, సామోస్ ఆవిడ, ఇలా. వీళ్ళలో పేరుమోసింది నేపుల్స్‌కు పడమరగా సముద్రపు ఒడ్డున ఉన్న కూమే అనే పాత గ్రీకు వలస ఊరి సిబిల్. బొమ్మలో ఏ ఊరి పేరూ లేకపోతే నేను మొదట కూమే ఆవిడనే అనుకుంటాను.

రోమన్ కవి వర్జిల్ తన కావ్యంలో ఈవిడకు పూనకం రావడం వర్ణించాడు. ముఖం రంగు మారుతుంది, జుట్టు విడిపోతుంది, రొమ్ము ఎగిసెగిసి పడుతుంది, గొంతు మనిషి గొంతులా ఉండదు. సికింద్రాబాద్ ఉజ్జయిని మహాకాళి బోనాల్లో పచ్చి కుండ మీద నిలబడి రంగం చెప్పడం చూసినవాళ్ళకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. కాకపోతే కూమే సిబిల్ ఎప్పుడూ జనం మధ్యకు వచ్చి చెప్పదు. కొండను తొలిచిన గుహలో ఉంటుంది, ఆ గుహకు వంద నోళ్ళు. జోస్యాన్ని ఆకుల మీద రాసి వరసగా పేర్చి పెడుతుంది. తలుపు తీస్తే గాలికి ఆకులు చెల్లాచెదురైపోతాయి. ఆవిడ మళ్ళీ ఏరి పేర్చదు, వచ్చినవాడు తిట్టుకుంటూ పోతాడు. అందుకే ఆ కావ్య నాయకుడు ఈనియస్ ఆవిడ దగ్గరకు వెళ్ళినప్పుడు “ఆకుల మీద రాయకు తల్లీ, నోటితో చెప్పు” అని బతిమాలుకుంటాడు. అవి ఏ ఆకులు అన్న అనుమానానికి కూడా పాత వ్యాఖ్యానాల్లో జవాబుంది. వారో మాటగా, తాళజాతి చెట్టు ఆకులు అని రాశారు. మధ్యధరా ప్రాంతం కాబట్టి తాటి కాదు, ఖర్జూరం లాంటిది అయ్యుండాలి. తాటాకు పుస్తకాలు చూసి పెరిగిన నాకు ఇది చదివినరోజు భలే దగ్గరగా అనిపించింది.

ఇక ఓవిడ్ అనే ఇంకో రోమన్ కవి చెప్పిన కథ. మీ బొమ్మ అర్థం కావాలంటే ఇది తెలిసి తీరాలి. జోస్యాల దేవుడు అపోలో ఈ సిబిల్‌ను మోహించి, ఏం కావాలో కోరుకోమన్నాడు. ఆవిడ నేల మీద దుమ్ము దోసెడు ఎత్తి, ఇందులో ఎన్ని రేణువులు ఉన్నాయో అన్నేళ్ళు బతకాలి అంది. సరే అన్నాడు. వెయ్యి రేణువులు. అన్నేళ్ళూ వయసులోనే ఉండాలని అడగడం మాత్రం మరిచిపోయింది. నువ్వు నాదానివైతే అదీ ఇస్తానన్నాడు అపోలో. ఆవిడ ఒప్పుకోలేదు. దాంతో ముసలితనం మొదలైంది, చావు మాత్రం రాలేదు. ఈనియస్‌తో మాట్లాడే నాటికే ఏడు వందల ఏళ్ళు గడిచాయి. ఇంకా మూడు వందల కోతలు, మూడు వందల ద్రాక్ష పంటలు చూడాలి అంటుంది. ఒళ్ళు కుంచించుకుపోయి, కుంచించుకుపోయి, చివరకు కంటికి ఆనకుండా పోతాను, గొంతు ఒక్కటే మిగులుతుంది అంటుంది. ఈ కథనే మరో రోమన్ రచయిత ఇంకా క్రూరంగా చెప్పాడు. ఆవిడ ఓ సీసాలో వేలాడుతూ ఉంటే పిల్లలు చేరి “నీకేం కావాలి?” అని అడుగుతారట. “చావాలనుంది” అంటుందట.

మీకు లండన్ వెళ్ళే వీలుంటే వాలెస్ కలెక్షన్ అనే మ్యూజియంలో ఇటలీ చిత్రకారుడు సాల్వటోర్ రోజా వేసిన బొమ్మ చూడండి, టికెట్ లేదు. 1655 ప్రాంతంలో వేశాడు. వెడల్పే రెండున్నర మీటర్లు దాటుతుంది. చీకటి కొండలు, నది, కూర్చున్న అపోలో, ఎదురుగా నిలబడి చెయ్యి చాచిన సిబిల్. ఆ చేతిలో ఉన్నది దుమ్ము అని తెలియకపోతే ఏదో వాహ్యాళికి వచ్చిన జంట అనుకుని దాటిపోతాం. రోజా పట్టుకున్నది కోరిక కోరే క్షణం. తప్పు అప్పటికే జరిగిపోయింది, ఆవిడకు ఇంకా తెలీదు. బరోక్ చిత్రకారులకు, అంటే 17వ శతాబ్దంలో నాటకీయంగా బొమ్మలు వేసినవాళ్ళకు, ఇలాంటి ఘడియ అంటే ప్రాణం: చెయ్యి గాల్లో ఉండాలి, ఫలితం ఇంకా పడకూడదు.

రోమ్‌కూ ఆవిడకూ ఉన్న సంబంధం వేరే కథ. ఒక ముసలావిడ తొమ్మిది పుస్తకాలు పట్టుకుని రాజు టార్క్విన్ దగ్గరకు వచ్చింది. ధర విని రాజు నవ్వాడు. ఆవిడ మూడు కాల్చేసి మిగతా ఆరూ అదే ధరకు ఇస్తానంది. మళ్ళీ నవ్వాడు. ఇంకో మూడు కాల్చింది. అప్పటికి రాజుకు భయం పట్టుకుంది, మిగిలిన మూడూ తొమ్మిదింటి ధరకు కొన్నాడు. కథ ఎలా ఉన్నా పుస్తకాలు మాత్రం నిజంగా ఉండేవి. కాపిటల్ కొండ మీద జూపిటర్ గుడిలో దాచి, దేశానికి గండం వచ్చినప్పుడు సెనేట్ ఆజ్ఞ మీద మాత్రమే తెరిచేవాళ్ళు. తెరవడానికి ప్రత్యేకంగా అధికారులు ఉండేవాళ్ళు, చివరి రోజుల్లో పదిహేనుమంది. కార్తేజ్ సేనాని హానిబాల్‌తో యుద్ధం జరుగుతున్నప్పుడు ఆ పుస్తకాలు చూసే ఆసియా మైనర్ నుంచి సిబెలీ అమ్మవారిని క్రీ.పూ. 204లో రోమ్‌కు తెచ్చుకున్నారు. క్రీ.పూ. 83లో గుడి తగలబడి అవీ పోయాయి. మళ్ళీ అక్కడా ఇక్కడా వాకబు చేసి కొత్త సంపుటి కూర్చారు. దాన్ని రోమ్ తొలి చక్రవర్తి అగస్టస్ పాలటైన్ కొండ మీది అపోలో గుడికి మార్చాడు. చివరికి 5వ శతాబ్దం మొదట్లో స్టిలికో అనే సేనాని కాల్పించేశాడు.

మరి క్రైస్తవ రోమ్‌లో, పోపుల కళ్ళెదుట, ఈ అన్యమత సోదమ్మ బొమ్మలు ఎలా నిలిచాయి? దానికి కారణం వర్జిలే. క్రీ.పూ. 40 ప్రాంతంలో రాసిన ఒక పద్యంలో, కూమే సిబిల్ చెప్పిన చివరి యుగం వచ్చేసింది, ఒక శిశువు పుడతాడు, బంగారు కాలం వస్తుంది అన్నాడు. ఎవరి బిడ్డను ఉద్దేశించి అన్నాడోగాని, కాన్‌స్టాంటైన్ చక్రవర్తి కాలానికి అది క్రీస్తు గురించే అని తీర్మానించారు. అప్పటి నుంచి సిబిల్స్ యూదు ప్రవక్తలకు జోడీ అయిపోయారు. మైకెలాంజెలో 1508 నుంచి 1512 దాకా సిస్టీన్ చాపెల్ కప్పు మీద వేసిన బొమ్మల్లో ఏడుగురు ప్రవక్తల మధ్య ఐదుగురు సిబిల్స్ ఉన్నారు. కూమే ఆవిడను కండలు తిరిగిన ముసలి పహిల్వాన్‌లా వేశాడు. ఆ తరవాత బరోక్ వాళ్ళు ఆవిడకు వయసు తగ్గించేశారు. డొమెనికినో, గుయెర్చీనో సిబిల్స్ తలపాగా చుట్టుకుని, చేతిలో పుస్తకమో, చుట్టిన కాగితమో పట్టుకుని, పైకి చూస్తున్న అందమైన అమ్మాయిలు. ‘తూర్పు దేశాల మనిషి’ అని చెప్పడానికి ఆ తలపాగా. మీ బొమ్మలో తలకు చుట్టిన గుడ్డ అదే.

ఇప్పుడు పానీనీ. మన వ్యాకరణం పాణిని కాదు, కాఫీ షాపులో దొరికే బ్రెడ్డూ కాదు. జొవాన్ని పావోలో పానీనీ 1691లో పియాచెంజాలో పుట్టాడు, 1711లో రోమ్ వచ్చాడు, 1765లో అక్కడే పోయాడు. మొదట నేర్చుకున్నది గోడల మీద, కప్పుల మీద లేని స్తంభాలూ మండపాలూ ఉన్నట్టు భ్రమ కలిగేలా వేసే విద్య, నాటకాల తెరలకు పనికొచ్చే విద్య. అందుకే అతని శిథిలాలు ఎప్పుడూ రంగస్థలంలా ఉంటాయి. రెండు పక్కలా ఎత్తైన కట్టడాలు, మధ్యలో ఖాళీ, వెనక వెలుతురు. తేదీలు చూసి అతన్ని బరోక్ అనకూడదనేవాళ్ళు ఉన్నారు, నిజమే, తోక చివర. కానీ ఆ వెలుగూ ఆ చేతులు ఊపడమూ పూర్తిగా బరోక్ సంతానమే. ఈ శిథిలాల బొమ్మలు అతను కనిపెట్టినవి కావు. 17వ శతాబ్దంలోనే కొదాజ్జి, గిసోల్ఫి లాంటివాళ్ళు ఇదే పనిలో ఉన్నారు. అప్పట్లో చాలాసార్లు కట్టడాలు ఒకరు వేస్తే మనుషుల్ని ఇంకొకరు వేసేవాళ్ళు. కొదాజ్జి కట్టడాల్లో చెర్క్వోజ్జి మనుషుల్ని నిలబెట్టిన బొమ్మలు ఉన్నాయి. పానీనీ మాత్రం మనుషుల్ని గీయడం కూడా శ్రద్ధగా నేర్చుకున్నాడు. అతని బొమ్మల్లో వినేవాళ్ళు ఒక్కొక్కరూ ఒక్కో రకంగా వింటారు. మీ ప్రింటులో కూడా ఒకరు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఉంటారు, ఒకరు పక్కవాడి చెవిలో ఏదో అంటూ ఉంటారు, చూడండి.

ఇలాంటి బొమ్మను ‘కాప్రిచ్చో’ అంటారు, ‘మనసుకు తోచినట్టు’ అన్నమాట. కట్టడాలు నిజమైనవే, పక్కపక్కన ఉండటం అబద్ధం. హైదరాబాద్ చార్మినార్ పక్కనే లేపాక్షి బసవన్నను, దాని వెనక గోల్కొండ గుమ్మాన్ని పెట్టి వేసినట్టు. మీ బొమ్మలో పిరమిడ్ ఈజిప్టుది కాదు. సెస్టియస్ అనే రోమన్ పెద్దమనిషి సమాధి, క్రీ.పూ. 1వ శతాబ్దం చివరిది, రోమ్ దక్షిణ ద్వారం దగ్గర ఇప్పటికీ ఉంది. బొమ్మలు చుట్టిన స్తంభం ట్రాజన్ చక్రవర్తిది, క్రీ.శ. 113లో నిలబెట్టారు. ఈ రెండింటికీ మధ్య నిజంగా కొన్ని కిలోమీటర్ల దూరం. అప్పట్లో యూరప్ యాత్రకు వచ్చిన ఇంగ్లీషు ప్రభువుల పిల్లలు రోమ్ జ్ఞాపకంగా ఏదో ఒకటి పట్టుకుపోవాలి కదా, అన్నీ ఒకే చట్రంలో దొరికితే ఇంకా మంచిది. పానీనీ ఆ బేరం బాగా పట్టాడు. 1757లో రోమ్‌లోని ఫ్రెంచి రాయబారి కోసం రోమ్ శిథిలాలన్నింటినీ గోడకు వేలాడే బొమ్మలుగా చూపిస్తూ ఒక ఊహా గ్యాలరీనే వేసిచ్చాడు. అలాంటిది ఒకటి న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది, ఇంకొకటి లూవ్ర్‌లో ఉంది.

ఇక్కడ మీ రెండో ప్రశ్న, ఆవిడ అక్కడ ఏం చేస్తోంది అన్నది. తేదీలు ఒకసారి పక్కపక్కన పెట్టండి. సిబిల్ ట్రాయ్ యుద్ధం నుంచి తప్పించుకొచ్చిన ఈనియస్ కాలం మనిషి, పోనీ టార్క్విన్ రాజు కాలం అనుకున్నా క్రీ.పూ. 6వ శతాబ్దం. ఆ పిరమిడ్ కట్టింది అయిదు వందల ఏళ్ళ తరవాత. ఆ స్తంభం ఆరు వందల ఏళ్ళ తరవాత. చుట్టూ ఉన్న మిగతా కట్టడాలు ఇలా కూలిపోవడానికి ఇంకో వెయ్యేళ్ళు. అంటే ఆవిడ ఇంకా కట్టని ఊరి శిథిలాల్లో నిలబడి ఆ ఊరి భవిష్యత్తు చెబుతోంది. వినేవాళ్ళకు ఆ రాళ్ళు కనిపించడం లేదనుకోండి, మనకు కనిపిస్తున్నాయి. ఆవిడ చెబుతున్నదే ఆ రాళ్ళు. ఓవిడ్ కథతో కలిపి చూస్తే ఇంకా బిగుస్తుంది. దోసెడు దుమ్ము చూపించి వెయ్యేళ్ళు తెచ్చుకున్నావిడ, వెయ్యేళ్ళకు దుమ్మైన ఊరి మధ్య ఉంది. నన్నడిగితే ఈ బొమ్మలో శిథిలాలు వెనక తెర కాదు, ఆవిడ మాటలు.

ఇలా అంటే కాలేజీలో ఒకాయన, నాకంటే సీనియర్, నన్ను ఆటపట్టించేవాడు. “అంత సీను లేదు గురూ, పానీనీ సరుకు అమ్ముకున్నాడు” అని. ఆయన మాటలోనూ నిజం ఉంది, నా పరువు పోయిన కథ దాని గురించే. స్లయిడ్ ప్రొజెక్టర్ రోజులు. డబ్బాలో ఒక స్లయిడ్ మీద పేరు చెరిగిపోయింది. తెర మీద చూస్తే శిథిలాలు, రాతిదిమ్మ, చెయ్యెత్తి మాట్లాడుతున్న మనిషి, చుట్టూ సైనికులూ ఆడవాళ్ళూ. పానీనీ ‘శిథిలాల్లో బోధిస్తున్న అపొస్తలుడు’ (క్రీస్తు మతాన్ని చాటిన తొలి బోధకుడు) అనే బొమ్మలు వేశాడని నాకు తెలుసు. ఇంకేం, పాత దేవుళ్ళ గుళ్ళు కూలిపోయాక వాటి మీద కొత్త మతం ఎలా నిలబడిందో పది నిమిషాలు దంచేశాను. వెనక బెంచీలోంచి ఒకమ్మాయి చెయ్యెత్తి, “అపొస్తలుడికి గడ్డం గీసేశారా సార్?” అంది. దగ్గరకెళ్ళి చూశాను. ఆడమనిషి. తలపాగా కూడా ఉంది. అది సిబిల్. క్లాసంతా నవ్వుతుంటే నేనూ నవ్వాను, చెవులు మాత్రం వేడెక్కాయి.

తరవాత కూర్చుని రెండు రకాల బొమ్మలూ పెట్టి చూశాను. ఏర్పాటు దాదాపు ఒకటే. అదే రాతిదిమ్మ, అదే చెయ్యి, అదే వినే గుంపు. కొనేవాడు భక్తుడైతే అపొస్తలుడు పౌలు, కావ్యాలు చదివినవాడైతే సిబిల్. అంటే పానీనీకి ముందు రాళ్ళు, తరవాతే మనిషి. అది ఒప్పుకుంటాను. కాని ఒకటి గమనించాను. అపొస్తలుణ్ణి పెడితే బొమ్మ వెనక్కి చూస్తుంది: ఇవన్నీ పోయాయి, కాబట్టి నా మాట వినండి అంటుంది. సిబిల్‌ను పెడితే అదే బొమ్మ ముందుకు చూస్తుంది: ఇవన్నీ పోతాయి అంటుంది, తరవాత ఏం చెయ్యాలో చెప్పదు. ఒక్క మనిషిని మారిస్తే రాళ్ళ అర్థం మారిపోయింది. పానీనీ అది ఆలోచించి చేశాడా, అలవాటుగా చేశాడా అన్నది నాకు పెద్ద పట్టింపు లేదు. బొమ్మలో అది ఉంది.

పైగా అప్పటి రోమ్‌లో జనానికి ఈ శిథిలాలు మ్యూజియం కావు, రోజూ నడిచే దారి. ఒకనాడు సెనేటర్లు తిరిగిన ఫోరంను ‘కాంపో వచ్చీనో’ అనేవాళ్ళు, ఆవుల బీడు. స్తంభాలు, కమానులు కొన్ని సగం దాకా మట్టిలో కూరుకుపోయి ఉండేవి. తవ్వి బయటికి తీసింది ఎక్కువగా 19వ శతాబ్దంలోనే. శిథిలం కావడానికి కూడా కాలం ఒక్కటే కారణం కాదు. 1349 భూకంపంలో కొలోసియం దక్షిణం వైపు చాలా భాగం కూలింది. పడిన రాయిని కట్టడాలకు మోసుకుపోయారు, సెంట్ పీటర్స్ చర్చికి కూడా వెళ్ళింది. పాలరాతిని బట్టీల్లో కాల్చి సున్నం చేసుకున్నారు. మన దగ్గర పాత కోట రాళ్ళు ఇంటి పునాదుల్లోకి చేరినట్టే. పానీనీ బొమ్మల్లో ఈ సున్నం బట్టీలు కనిపించవు, అది ఆయన మర్యాద.

కూమే ఎలా ఉందో చూడాలంటే ఇప్పుడూ వెళ్ళొచ్చు. 1932లో అమెదియో మయూరి అనే పురావస్తు శాస్త్రవేత్త అక్కడ కొండలో 130 మీటర్ల పొడవైన సొరంగం బయటపెట్టి ఇదే సిబిల్ గుహ అన్నాడు. పైన ఇరుగ్గా, కింద వెడల్పుగా, ఒక పక్క వరసగా వెలుతురు పడే సందులు. తరవాత వచ్చిన పండితుల్లో చాలామంది అది కోట రక్షణకు తొలిచింది అంటున్నారు. గేటు దగ్గర బోర్డు మాత్రం సిబిల్ పేరు మీదే ఉంటుంది. యాత్రికుడికి కావలసింది అదే కదా. ఇంగ్లీషు చిత్రకారుడు టర్నర్ 1823లో ఆ పక్కనే ఉన్న బాయే తీరాన్ని, శిథిలాలను, అపోలోనూ సిబిల్‌నూ కలిపి ఒక బొమ్మ వేసి ప్రదర్శనకు పెడితే, స్నేహితుడైన మరో చిత్రకారుడు అసలు ఊరు అలా ఉండదని తెలుసుకుని ఫ్రేము మీద లాటిన్‌లో ‘భేషైన అబద్ధం’ అని రాశాడట. టర్నర్ నవ్వి ఊరుకున్నాడు. కాప్రిచ్చో బొమ్మలన్నిటికీ ఆ రెండు మాటలూ అతికించొచ్చు.

ఒకవేళ పెన్సిలు రాత తప్పైతే? శిథిలాల్లో జోస్యం చెప్పే స్త్రీ అనగానే కొందరు కసాండ్రా అంటారు. ఆవిడ ట్రాయ్ రాజకుమారి, జుట్టు విరబోసుకుని, మంటల మధ్య, అథీనా దేవత విగ్రహాన్ని పట్టుకుని ఉంటుంది. ఎవరూ కూర్చుని వినరు, ఆవిడ శాపమే అది. మీ బొమ్మలో అందరూ వింటున్నారు కాబట్టి ఆవిడ కాదు. ఆకాశంలో తల్లీబిడ్డా కనిపిస్తూ కింద చక్రవర్తి మోకరిల్లి ఉంటే టిబుర్ అనే ఊరి సిబిల్, అగస్టస్‌కు కన్య మరియమ్మను చూపించిన కథ. మీరు రాసినదాంట్లో అదీ లేదు.

ఇక విలువ. ఇక్కడ ఆశలు పెంచను. మీ దగ్గరున్నది అసలు చిత్రం కాదు, ప్రింటు అని మీరే రాశారు. ఏ కాలం ప్రింటు అన్నదే ప్రశ్న. 18వ శతాబ్దంలోనే లండన్, పారిస్ చెక్కుడు పనివాళ్ళు పానీనీ బొమ్మలను రాగి రేకుల మీద చెక్కి అచ్చు వేసి అమ్మారు. అదైతే దాచుకోదగ్గది, కొంత ధర కూడా పలుకుతుంది. 20వ శతాబ్దంలో పుస్తకాల కోసం, క్యాలెండర్ల కోసం అచ్చైనదైతే ఫ్రేము ఖరీదే. తేడా పట్టడానికి భూతద్దం చాలు. నలుపు చిన్న చిన్న చుక్కలుగా, వరసలు కట్టి కనిపిస్తే ఆధునిక ముద్రణ. గీతలుగా, ఒకదాన్ని ఒకటి కోస్తూ, మొదట సన్నగా మొదలై మధ్యలో లావై మళ్ళీ సన్నబడితే చెక్కుడు. చెక్కుడైతే బొమ్మ చుట్టూ రేకు నొక్కిన గుర్తు కూడా ఉంటుంది, వేలితో తడిమితే చిన్న మెట్టులా తగులుతుంది. కాగితాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే లోపల నిలువు గీతలు సమాన దూరంలో కనిపించడం పాత చేతి కాగితానికి గుర్తు.

చూడాలంటే ఫ్రేము విప్పాలి. విప్పేది మీరే విప్పండి, నెమ్మదిగా. నా దగ్గరున్న ఒక పాత ప్రింటును గాజు మార్చమని ఒక షాపులో ఇచ్చాను. ఫ్రేములో పట్టడం లేదని అతను అడుగు అంచు బ్లేడుతో కోసేసి, “నీటుగా చేశాను సార్” అన్నాడు. చిత్రకారుడి పేరూ చెక్కినవాడి పేరూ తేదీ అన్నీ ఆ అంచులోనే ఉన్నాయి. చెత్తబుట్టలో వెతికాను, దొరకలేదు. మీరు తడిగుడ్డతో తుడవకండి, బ్రెడ్డు ముక్కతో రుద్దితే మురికి పోతుందని ఎవరైనా చెప్పినా వినకండి, సెల్లోటేప్ అసలే వద్దు. వెనకున్న అట్ట గోధుమ రంగుకు తిరిగి ఉంటే అది తీసేసి ఆసిడ్ లేని అట్ట పెట్టించండి. ఎండ పడే గోడ మీద వేలాడదీయకండి.

మీరు రాసినదాంట్లో నాకు ఆశ పుట్టించింది ఒకటుంది: ఆవిడ ఎత్తింది ఎడమచెయ్యి. రోమన్ల పద్ధతిలో మాట్లాడేవాడు ఎత్తేది కుడిచెయ్యి, పానీనీకి ఆ సంగతి తెలుసు. చెక్కుడు పనివాడు ఉన్నది ఉన్నట్టు రేకు మీద చెక్కితే, కాగితం మీద నొక్కేసరికి అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు తారుమారవుతాయి. అంటే మీది రేకు మీద నుంచి నేరుగా తీసిన పాత అచ్చు కావచ్చు. దీన్ని ఖాయం చేసుకోవడానికి ఆ ఎత్తైన స్తంభం ఉంది. అసలు ట్రాజన్ స్తంభం మీద బొమ్మల పట్టీ ఎదురుగా నిలబడి చూస్తే ఎడమ నుంచి కుడికి పైకి ఎక్కుతుంది. మీ ప్రింటులో అది ఎటు ఎక్కుతోందో భూతద్దం పెట్టి చూసి, అడుగు అంచు ఫొటోతో పాటు ఇక్కడ పెట్టండి.